పదకొండో మలుపు, మా ఆయన బోర్డు

మా తమ్ముడు నడిపే బస్సు కొండ హైవే మీద పదకొండో మలుపులో గడ్డకట్టిన మంచు మీద రెండోసారి జారింది. పోయిన శీతాకాలం రెయిలింగుకు గీసుకుని ఆగింది, ఈసారి దాన్ని వంచి ఆగింది. ప్రయాణికులెవరికీ దెబ్బ తగల్లేదు. ఇంకోసారి జారితే మాత్రం స్టీరింగు మర్చిపోయి టిక్కెట్ల కిటికీ వెనక కూర్చోవాల్సిందేనని డిపో మేనేజరు చెప్పేశాడు.

ఆ రోడ్డు బాగోగులు చూసే ఇంజినీరు మా ఆయనే. కాబట్టి విచారణ మా వంటింట్లోనే జరిగింది.

"స్పీడు తగ్గించవోయ్. అంత బోర్డు పెట్టాను కదా, కనబడదా?"

"కనబడక ఛస్తుందా బావా? మీ గేటుకు రెండింతలుంది. అది చదువుతూనే జారాను."

"అంటే తప్పు బోర్డుదంటావు!"

"నేనలా అన్నానా? అక్కా, నువ్వు చెప్పు, అన్నానా?"

'జాగ్రత్త! ప్రమాదకరమైన మలుపు' అని రాసున్న ఆ పసుపురంగు రేకు బోర్డు మా ఆయన స్వహస్తాలతో గీసింది. పోయిన శీతాకాలానికి ముందు లోయవైపు అంచున పాతించారు. దాని ఫోటో మా హాల్లో మా పెళ్ళిఫోటో పక్కనే ఉంటుంది. కొంచెం పెద్దది కూడా.

"పదో మలుపులో మంచు ఉండదట్రా?" అని అడిగాను.

"తెల్లారుజామున అన్ని మలుపుల్లోనూ ఉంటుందక్కా. నేను వెళ్ళే తొమ్మిదింటికి ఎండకు కరిగిపోతుంది."

"మరి పదకొండులో?"

"అదే నా ఖర్మ. అంతకుముందు ఆరేళ్ళు ఒక్కసారి జారితే ఒట్టు!"

మర్నాడు మేడమీద బట్టలు తీస్తున్నాను. పక్కింటి వాళ్ళ నీళ్ళట్యాంకు నీడ పడే చోట తీగ మీద బట్టలు మధ్యాహ్నందాకా ఆరవు. మా ఆయన బనియన్లు ఎప్పుడూ అక్కడే వేస్తాను. అన్నీ ఆరాయి, బనియన్లు మాత్రం చల్లగా, చెమ్మగా ఉన్నాయి. వాటిని పట్టుకుని ట్యాంకు వైపూ, దాని నీడ వైపూ చూశాను.

ఆ తర్వాతి రోజు చాక్‌పీసు ఒకటి పర్సులో వేసుకుని తమ్ముడి బస్సెక్కాను. మలుపుకు ముందే ఆపించి దిగాను.

"మీ అక్కకేమైందయ్యా, మాకు ఆఫీసులున్నాయి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నాకూ ఉద్యోగం ఉండాలనే ఆపానండీ," అన్నాడు మావాడు.

సూర్యుడు లోయవైపునుంచి వస్తున్నాడు. రోడ్డంతా పొడిగా ఉంది, బోర్డు నీడ పడ్డచోట తప్ప. అక్కడ తారు నల్లగా మెరుస్తోంది. చెప్పు ఆనించాను, సబ్బునీళ్ళ మీద పెట్టినట్టు జర్రున పోయింది. మంచు ఎంతమేర ఉందో చూసుకుంటూ దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాను. మా గేటుకు రెండింతలుంది.

కొండవైపున్న పొడిభాగంలోంచి బస్సును దాటించమని తమ్ముడికి చెప్పి, మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏవండీ, ఒకసారి వచ్చి మీ బోర్డు చూసుకోండి."

"ఏం, పడిపోయిందా?"

"లేదు. పడకుండా నిలబడటమే ఇబ్బందిగా ఉంది."

అరగంటలో జీపులో దిగారు. బోర్డు వైపు చూశారు, నా గీత వైపు చూశారు. ఎండ జరిగి అప్పటికే ఒక మూల కరుగుతోంది. "నీడకే ఇంత ఉంటుందా?" అంటూ గీత లోపల కాలు పెట్టారు. మరుక్షణం మా తమ్ముడు వంచిన రెయిలింగునే రెండు చేతులా వాటేసుకున్నారు.

రెయిలింగు వదలకుండానే బోర్డు వైపు చూస్తూ, "బోర్డు పెట్టాకే ఇది ప్రమాదకరమైన మలుపయిందన్నమాట," అన్నారు. మా ఆయనలో నాకు నచ్చేది ఇదే. ఆలస్యంగానైనా నిజం ఒప్పుకుంటారు.

సాయంత్రానికల్లా బోర్డు కొండవైపుకు మారింది. ఇప్పుడు దాని నీడ రాతి మీద పడుతుంది, రాయి ఎటూ జారిపోదు.

వారం తిరక్కుండానే గట్టిగా మంచు కురిసింది. మర్నాడు నేను మళ్ళీ బస్సెక్కి ముందుసీట్లో కూర్చున్నాను. పదో మలుపు దాటగానే మావాడి మెడ బిగుసుకుంది. బస్సు మెల్లగా పదకొండులోకి తిరిగింది. రోడ్డు ఈ చివరనుంచి ఆ చివరదాకా ఎండలో పొడిగా ఉంది. నా చాక్‌పీసు గీత ఇంకా కొంచెం కనిపిస్తోంది. చక్రాలు దాని మీదుగా చప్పుడు లేకుండా వెళ్ళిపోయాయి.

మావాడు గట్టిగా ఊపిరి వదిలాడు. "అక్కా, ఇప్పుడు బోర్డు చదవనా?"

"రోడ్డు చూడరా," అన్నాను.