విప్పిన బళ్లు బిగించం

ఇంజను సగం ఎత్తులో ఉండగా గొలుసు తెగింది.

బోటు ఇంజను పడిన చప్పుడుకి రేకుల షెడ్డంతా అదిరిపోయింది. అటుపక్క మోటారుసైకిళ్లు విప్పుతున్న పిల్లలు స్పానర్లు చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చారు. గొలుసు పట్టుకున్న బక్కోడి కుడిచెయ్యి ఇంజను కింద ఉంది. వాడి నోరు తెరుచుకునే ఉంది గానీ అరుపు రావడం లేదు.

"చూస్తారేంట్రా, పలుగు తెండి!" అని కేకేసింది వదిన. పని నేర్చుకునేవాళ్లలో అందరికంటే పెద్దది, పెళ్లయిన మనిషి. అందుకే షెడ్డులో అందరికీ వదిన. పలుగు దూర్చి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తితే చెయ్యి బయటికొచ్చింది. తలకు కట్టుకున్న గుడ్డ విప్పి ఆమె దాన్ని చుట్టింది. చుడుతున్నంతసేపూ ముఖం పక్కకి తిప్పుకునే ఉంది.

అప్పుడు వచ్చాడు ఓనరు. గేటు మీద బోర్డుంది: మోటారుసైకిల్, బోటు ఇంజన్ల రిపేరు శిక్షణ కేంద్రం. బోర్డు ఆయనదే, రేవులో కట్టేసిన బోట్లూ ఆయనవే. పని నేర్పుతానని పిల్లల్ని చేర్చుకోవడం, వాళ్లచేత తన బోట్లన్నీ ఊరికే బాగుచేయించుకోవడం. ఆయన చెప్పే చదువు అదీ.

ఓనరు వంగి ఇంజన్ని తడిమి చూశాడు.

"దీనికేం కాలేదు కదా?"

పని నేర్పే మేస్త్రీ ఒకడుగు ముందుకేసి, "గొలుసు అరిగిపోయిందని చెబుతూనే ఉన్నానండీ..." అన్నాడు.

"నోర్ముయ్. వాణ్ని ఆటోలో పడేసి ఆస్పత్రికి పంపించు. మిగతావాళ్లు నేల కడిగి పనిలోకి దిగండి. సాయంత్రం బోటు వెళ్లాలి."

కడిగారు. గొలుసు బదులు తాడు కట్టారు. వదిన చేతులు నట్లు తిప్పుతున్నాయి గానీ కళ్లముందు మాత్రం తెరుచుకున్న ఆ నోరే ఉంది.

మధ్యాహ్నం దాటాక బక్కోడి తల్లి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన ముఖం.

"మణికట్టు దాకా తీసేశారమ్మా," అంది. "పోనీ, ప్రాణం దక్కిందనుకున్నా. ఇంతలో పోలీసులొచ్చి మంచానికి సంకెల వేశారు. షెడ్డులో సామాను దొంగిలించబోయి చెయ్యి ఇరికించుకున్నాడని మీ ఓనరు రాసిచ్చాడంట. వాడెవడో తనకు తెలియనే తెలియదన్నాడంట. నా కొడుకు దొంగా? చెప్పండి, మీరంతా కలిసి పనిచేశారుగా!"

వదిన చేతిలోని స్పానరు మెల్లగా నేలమీద పెట్టింది.

"ఇక నావల్ల కాదు. నేను చెయ్యను."

పక్కవాడూ పెట్టేశాడు. వాడి పక్కవాడూ.

పాత టైర్ల గుట్ట దగ్గర చేరారు అందరూ. బళ్ల సెక్షన్లో మాటకారి ఒకడున్నాడు, గేరుగాడంటారు వాణ్ని. వాడే ముందు అడ్డం తిరిగాడు.

"మీది బోట్ల సెక్షను, మాది బళ్ల సెక్షను. ఇందాకే ఓనరు పిలిచి చెప్పాడు, మా సర్టిఫికెట్లు రెడీగా ఉన్నాయంట. మీతో కలిస్తే అవి పొయ్యిలోకే. మా ఇంట్లో అందరూ నామీదే ఆశలు పెట్టుకున్నారు వదినా."

"బక్కోడి ఇంట్లో ఎవరిమీద పెట్టుకున్నార్రా?"

"అది కాదు..."

"ఏది కాదు? రేపు నీ వేళ్లు ఏ చెయిన్లోనో పడి తెగితే నీకూ ఇంతే. రోజూ ఒరేయ్ బక్కోడా అని కేకేసి పని చెప్పినవాణ్నే ఎరగనన్నాడు. నిన్ను గుర్తుపెట్టుకుంటాడా?"

"ఆయనతో పెట్టుకుని బతుకుతామా?" అన్నాడింకొకడు. "స్టేషనంతా ఆయన జేబులో ఉంది."

"ఎందుకుండదు! వాళ్ల బళ్లన్నీ ఊరికే సర్వీసింగు చేసేది మనమేగా..." అంటూ గేరుగాడు ఠక్కున ఆగాడు. మెడ తిప్పి షెడ్డువైపు చూశాడు. స్టేషను మోటారుసైకిళ్లన్నీ అక్కడే ఉన్నాయి. చక్రాలు ఒకచోట, క్లచ్ ప్లేట్లు ఒకచోట, ఇంజన్లు విప్పేసి బల్లలమీద. "వదినా," అన్నాడు నెమ్మదిగా, "వాటిని ఇవాళే బిగించాలి."

"బిగిస్తారా మరి?"

బళ్లవాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు.

"బిగించం," అన్నాడు గేరుగాడు.

కానీ మొదటి దెబ్బ సొంతవాళ్ల నుంచే వచ్చింది. బోటు మీద పనిచేసే కూలీలు గేటు తోసుకుని గుంపుగా లోపలికొచ్చారు. ముందున్నది వదిన మొగుడు.

"ఏం చేస్తున్నావే? బోటు కదలకపోతే మాకు పనెక్కడిది? ఇంట్లో ఏం వండుతావు, ఈ నట్లూ బోల్టులూనా?"

"నాలుగు మరలు తిప్పడం రాగానే మా నోట మట్టి కొడతార్రా!" అంటూ ఒకడు గేరుగాడి కాలరు పట్టుకున్నాడు.

"అసలు నువ్వు నా పెళ్లానివా, ఓనరుకి శత్రువువా?" అని అరిచాడు మొగుడు.

"రెండూను," అంది వదిన. "పెళ్లాన్ని కాబట్టే చెబుతున్నా, విను. అరిగిపోయిన ఇంజను, అరిగిపోయిన సామాను. నడిసముద్రంలో ఆగిపోయిందనుకో. నువ్వు తిరిగి రాలేదనుకో. నేను పోయి అడిగితే ఓనరేమంటాడు? వాడెవడో నాకు తెలియదు, దొంగతనంగా నా బోటెక్కి ఉంటాడు అంటాడు. అప్పుడు నేను దొంగ పెళ్లాన్ని. ఇదిగో, కొడుక్కి చెయ్యి తీసేశారు, ఈవిడ ఇప్పటికే దొంగ తల్లి."

బక్కోడి తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కూలీలు ఆమెను అప్పుడే చూశారు. కాలరు మీది పట్టు వదులైంది.

"ఏ చెయ్యమ్మా?" అని అడిగాడు మొగుడు.

"కుడిది."

అతను తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. ఇంకేం మాట్లాడకుండా పోయి గేటుకి అడ్డంగా కూర్చున్నాడు. "ఏంట్రా నిలబడ్డారు? రండి," అన్నాడు తనవాళ్లతో.

ఓనరు ఫోను చేస్తే వ్యాను వచ్చింది. లాఠీ ఊపుకుంటూ ఎస్సై లోపలికొచ్చాడు. ముక్కలు ముక్కలుగా పడున్న తన బళ్లను చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏంటిది? ముందు వీటిని బిగించండి. తర్వాత మీ తోలు తీస్తా."

గేరుగాడు చేతులు కట్టుకున్నాడు. "మేం దొంగలమండీ. బక్కోడితో కలిసి పనిచేసినవాళ్లం. దొంగలచేత స్టేషను బళ్లు ముట్టిస్తారా?"

లాఠీ వాడి చెవి మీద పడింది. నెత్తురు మెడదాకా కారింది. గుంపు ఒక్కసారిగా ముందుకి జరిగింది. ఓనరు గొంతు చించుకున్నాడు: "చెప్పు మేస్త్రీ! వాడు దొంగతనానికే దూరాడని చెప్పు!"

ఆ షెడ్డులో ఇన్నేళ్లూ ఓనరు ఏమన్నా తలూపిన మనిషి మేస్త్రీ. ఈసారి ఊపలేదు.

"వాడు నా దగ్గర పని నేర్చుకుంటున్నాడండీ. గొలుసు పట్టుకోమని చెప్పింది నేను. గొలుసు మార్చక్కర్లేదన్నది ఈయన."

"ఈ ముసలాణ్నీ ఎక్కించండి!" అన్నాడు ఎస్సై.

వదినని, గేరుగాణ్ని, మేస్త్రీని వ్యానులోకి తోశారు. గేటు దగ్గర కూర్చున్నవాళ్లను కాళ్లు పట్టి ఈడ్చారు, కొట్టారు, మళ్లీ వచ్చి కూర్చుంటే మళ్లీ కొట్టారు. నొసలు చిట్లిన మొగుడు వ్యాను కిటికీ ఊచ పట్టుకుని పరుగెత్తాడు. "భయపడకే! మేమున్నాం!" అన్నాడు. ఇంట్లో ఏనాడూ అనని మాట.

స్టేషన్లో ఆమెను నేలమీద కూర్చోబెట్టారు. ఎదురుగా కుర్చీలో ఓనరు టీ తాగుతున్నాడు.

"తప్పయిందని చెప్పి పనిలోకి రా. వదిలేయిస్తా."

"ముందు బక్కోడి సంకెల తీయించు," అంది వదిన. "వాడు నీ దగ్గర నేర్చుకునేవాడేనని రాసివ్వు. వైద్యం నువ్వే చేయించు. కొత్త గొలుసు కొను. బోటు సంగతి తర్వాత."

ఓనరు పగలబడి నవ్వాడు. "నువ్వు కాకపోతే పని ఆగుతుందనుకున్నావా? ఈ వీధినిండా మెకానిక్ షాపులే. ఒక్క కేకేస్తే పదిమంది వస్తారు."

బయట ఎక్కడో గరగరమంటూ షట్టరు దిగింది. కాస్త ఆగి ఇంకొకటి. ఆ తర్వాత ఆపకుండా, ఒకదాని వెంట ఒకటి, దగ్గరికొస్తూ.

"ఏంటది?" అన్నాడు ఎస్సై.

కానిస్టేబులు గుమ్మం దాకా పోయి తొంగిచూశాడు. "మెకానిక్ షాపులు మూసేస్తున్నారు సార్."

"మూసి ఎటు పోతున్నారు?"

"ఇటే వస్తున్నారు సార్. ముందు ఆ చెయ్యి పోయినవాడి తల్లి షాపు షాపుకీ చెప్పుకుంటూ నడుస్తోంది. వెనక బోటు కూలీలు, ఆ వెనక షాపులవాళ్లు..." అతని గొంతు తగ్గిపోయింది. "చివర కనపడటం లేదు సార్."

ఓనరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. వదిన లేచి నిలబడింది.

"కూర్చో!" అని గద్దించాడు ఎస్సై.

ఆమె కూర్చోలేదు.