బతికున్న పుస్తకాలకు నిమజ్జనం

తలుపు తీసిన ఖైరున్నీసా చేతిలోని సంచీ కింద పెట్టడం కూడా మరిచి అలాగే నిలబడిపోయింది. గోడకున్న చెక్కబల్ల బోసిగా ఉంది. ఒక్క పుస్తకమంటే ఒక్క పుస్తకం లేదు.

నాలుగు తుమ్ములు తుమ్మిన పాపానికి కరోనా అని పట్టుకుపోయి, ఏదో బడిలో ఇనుప మంచం మీద పడేసి, ఇన్నాళ్లకు ‘నీకేం లేదు, ఇంటికి పో’ అన్నారు. రంజాన్ నెల. నోట్లో చుక్క నీళ్లు పోసుకోకుండా ఎండలో నడిచొచ్చింది. వచ్చి చూస్తే గిన్నెలున్నాయి, కుట్టుమిషను ఉంది, చీపురు కూడా ఎక్కడిదక్కడే ఉంది. పుస్తకాలే లేవు. దొంగన్నవాడు చెంబు ఎత్తుకుపోతాడు గానీ, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ఎలా కడుక్కోవాలో చెప్పే పుస్తకం ఎత్తుకుపోతాడా, మీరే చెప్పండి!

ఆ పుస్తకాలు ఆమె తండ్రివి. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో సైకిలు మీద తిరిగి ఆయన అమ్మినవాటిలో మిగిలినవి. ఉర్దూ చదవడం రాని ముస్లిముల కోసం తేలిక తెలుగులో రాసినవి. ఉపవాసం ఎవరుండాలి, ఎవరికి మినహాయింపు, తూకంలో మోసం చేస్తే ఏమవుతుంది, పొరుగువాళ్లకు మన మీద ఉన్న హక్కులేమిటి, కోపమొస్తే ఏం చెయ్యాలి, అన్నీ వాటిలో ఉండేవి. పెళ్లయి సూరత్ వచ్చేటప్పుడు బంగారం బదులు వాటినే మోసుకొచ్చింది ఖైరున్. భర్త పోయినా అవి పోలేదు. సూరత్ శివారు వడోద్‌లోని ఈ చాల్‌లో, ఒకే వరండాకు వరసగా గదులున్న ఈ ఇరుకులో, శుక్రవారం మధ్యాహ్నమైతే తెలుగు వచ్చిన ముస్లిం ఆడవాళ్లంతా ఆమె గదిలో చేరేవారు. ఆమె చదివేది, వాళ్లు వినేవారు. పక్కగది పోశమ్మ కూడా చీరలకు దారాలు కత్తిరిస్తూ వినేది. పోశమ్మ పద్మశాలీల ఆడబిడ్డ, ఇంట్లో మార్కండేయుడి పటానికి దండం పెట్టనిదే టీ తాగదు. ఆమె వింటే ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

“నా పుస్తకాలేవి?” వరండాలోకొచ్చి గట్టిగా అడిగింది ఖైరున్.

టపటపా తలుపులు మూసుకున్నాయి. పోశమ్మ ఒక్కతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఏదో ఘనకార్యం చేసిన కళ ఉంది ఆమె మొహంలో.

“నువ్వేం ఫికర్ జెయ్యకు ఆపా. నేనున్న గదా. మంచిగ సాగనంపిన.”

“ఎవలను?”

“పుస్తకాలను.”

ఖైరున్‌కు అర్థం కాలేదు. పోశమ్మే చెప్పుకొచ్చింది. “నువ్వు పోయినంక నటూభాయి వచ్చిండు. కరోనా గీ కితాబులల్లనే ఉన్నది, శుక్రారం శుక్రారం మందిని జమ జేసి అంటిస్తున్నది, బయటేసి కాలవెట్టుండ్రి అన్నడు. పోరగాండ్లు గ్యాసునూనె గూడ తెచ్చిండ్రు. నా పానం ఆగలే. దేవుని మాటలు ఎట్ల కాలవెడ్తరు? మీరు ముట్టుకోకుండ్రి, నేనే ఖాళీ చేస్త అన్న. నా పెండ్లినాటి ఎర్రచీరల మూటగట్టి, పసుపు కుంకుమ వెట్టిన. పూలు దొరుకలే, తులసాకులేసిన. గీ ఖాడీ కాల్వల ఎయ్యలే ఆపా, అది రంగు కార్ఖానల మురికి. నెత్తిన వెట్టుకొని తాపీ నది దాక నడిచిన. సౌరస్తాలల్ల పోలీసోళ్లు లాఠీలు వట్టుకొని నిలవడ్డరు. సందులల్లకెళ్లి తప్పించుకొని పోయిన. బతుకమ్మను సాగనంపినట్టే సాగనంపిన.”

నటూభాయి ఈ చాల్ యజమాని. వెనక వీధిలోని మరమగ్గాలు కూడా అతనివే. ఆ మగ్గాల మీదే పోశమ్మ మొగుడు లక్ష్మీరాజం నేస్తాడు.

“నిన్నెవరు కలపమన్నరే నీళ్లల్ల?” ఖైరున్ అరిచింది.

“నువ్వే గదా! పోయినేడు చినిగిన అరబ్బీ కాయితాలు బట్టల సుట్టి తాపీల కలుపలేదా? నేను నీ ఎంబడి రాలేదా? మా దేవుని పటాలు పాతవడితే మేము గట్లనే చేస్తం. మీది మాది ఒక్కటే పద్ధతని ఎంత సంబురపడ్డనో!”

“అవి చినిగినయే! సదువనీకి పనికిరానియి, పానం వోయినయి! నాయి సదువుతున్న పుస్తకాలు! బతికున్న పుస్తకాలకు పసుపు కుంకుమ వెట్టి పీనుగులెక్క సాగనంపుతవా?”

పోశమ్మకు రోషమొచ్చింది. “మరి కాలవెడ్తుంటే సూసుకుంట కూసోమంటవా?”

“వద్దు అనమంటున్న! గది ఆమెది, పుస్తకాలు ఆమెయి, ముట్టకుండ్రి అని ఒక్క మాట. అన్నవా?”

పోశమ్మ తల దించుకుంది. “మా ఆయన మగ్గం... రేపు కార్ఖాన తెరిస్తే...”

“పోలీసోళ్ల లాఠీలకు భయపడలే, నటూభాయి మూతికి భయపడ్డవా? అంత దూరం నడిచినవు గని, నోరు తెరువనీకి చేత గాలేదు!”

ఆ అరుపులకు చాంద్ బీ బయటికొచ్చింది. వరండాలో అందరికన్నా పెద్దది, శుక్రవారం చదువుకు అందరికన్నా ముందొచ్చేది. “సబర్ జెయ్ బిడ్డా, సబర్. రోజా ఉన్నవు. ఉపాసముండి కొట్లాడొద్దని మాకు చెప్పింది నువ్వే గదా,” అంది.

నిజమే, చెప్పింది తనే. ఖైరున్ లోపలికెళ్లింది. కోపమొస్తే నిలబడ్డవాళ్లు కూర్చోవాలని తండ్రి చెప్పేవాడు. కూర్చుంది. కోపం పోలేదు. నడుం వాల్చమనేవాడు. వాల్చింది. కళ్ల ముందు ఆ బోసిబల్లే ఉంది, ఇంకా మండింది. చన్నీళ్లతో వజూ చేసుకోమనేవాడు. లేచి కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుంది. ఊహూఁ! కుండెడు నీళ్లు పోసుకున్నా పోయే కోపం కాదది. సబర్ అంటే అల్లా ఇచ్చిన కష్టానికి ఓర్చుకోవడం. జ్వరానికి ఓర్చుకుంది, మొగుడు పోతే ఓర్చుకుంది. నటూభాయి గ్యాసునూనె తెప్పిస్తే దానికీ సబరేనా? అది అల్లా పంపింది కాదే! జులుం చేసినవాడికి ఎదురుగా వెళ్లి ఇది జులుం అని చెప్పొద్దని ఏ పుస్తకంలోనూ తను చదవలేదు. జులుంకు కూడా సబర్ చెయ్యాలన్న మాట చాంద్ బీ ఎక్కడ విన్నదో గానీ తన దగ్గరైతే కాదు. తడి చేతులు తుడుచుకోకుండానే బయటికి నడిచింది.

గేటు దగ్గర కుళాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నటూభాయి మాస్కు గడ్డం కింద పెట్టుకుని మామిడిపండు తింటున్నాడు. ఆమెను చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“సేఠ్, నా కితాబులు కాలబెట్టమన్నది నువ్వేనా?”

“అరే బెహన్, ఏం కితాబులు? ఎక్కడ కాలబెట్టారు? బూడిద చూపించు.” హిందీ, గుజరాతీ కలిపి తాపీగా చెప్పాడు. “నీ పోశమ్మే తీసుకెళ్లి నదిలో పారేసింది. మేం చెయ్యి కూడా పెట్టలేదు. మీరూ మీరూ తేల్చుకోండి. నాకు మాత్రం గది ఖాళీ చెయ్యి. నువ్వుంటే జనం భయపడుతున్నారు.”

చూశారా ఎంత తెలివో! పోశమ్మ భక్తిగా పెట్టిన పసుపు కుంకుమలతో నటూభాయి చేతులు కడిగేసుకున్నాడు. కాల్చి ఉంటే కనీసం మసైనా మిగిలేది, వేలు పెట్టి చూపించడానికి. ఇప్పుడు పుస్తకాలూ పోయాయి, గది కూడా పోయేలా ఉంది. వాటిని నదిలో ఎందుకు వెయ్యాల్సి వచ్చిందో చెప్పగలిగిన నోరు చాల్ మొత్తానికి ఒక్కటే మిగిలింది.

ఖైరున్ వెనక్కి తిరిగింది. వరండా నిండా జనం. పోశమ్మ మెట్ల దాకా వచ్చి ఆగింది. లక్ష్మీరాజం ఆమె రెక్క పట్టుకుని లాగుతున్నాడు. “నీకెందుకే, ఊకో! లోపలికి నడు!”

“చెప్పు పోశమ్మా,” అంది ఖైరున్. “అందరు ఇంటుండ్రు. ఎందుకు పారేసినవో చెప్పు.”

పోశమ్మ మొగుడి వంక చూసింది. నటూభాయి వంక చూసింది. ముక్కు మీది కొంగు తీసేసి తనకొచ్చిన హిందీలో గొంతెత్తింది.

“హా సేఠ్, మైనేచ్ డాలా! తుమ్ జలావో బోలే, ఇస్‌లియే డాలా! సబ్ దేఖే!” అక్కడితో ఆగక తెలుగులోకి దిగింది. “నేనే పారేసిన! నువ్వు కాలవెట్టమంటేనే పారేసిన! గ్యాసునూనె సీసా నీ స్కూటర్ మీదనే వచ్చింది!”

నటూభాయికి తెలుగు రాదు గానీ స్కూటర్ అన్న మాట ఏ భాషలోనైనా స్కూటరే. చాంద్ బీ కూడా ముందుకొచ్చింది, “మైఁ భీ దేఖీ సేఠ్, నేను గూడ సూసిన,” అంటూ. వరండాలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అవునన్నారు. నటూభాయి పండు టెంక విసిరేసి, మాస్కు పైకి లాక్కుని లేచాడు. “లక్ష్మీరాజం, మగ్గాలు తెరవనీ, నీ సంగతి చూస్తా,” అని స్కూటర్ తీశాడు. గది మాట మళ్లీ ఎత్తలేదు. లక్ష్మీరాజం నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

పోశమ్మ ఖైరున్ వెంట గది దాకా వచ్చింది. “చెప్పిన గదా ఆపా. మా ఆయన పని వోయినా వోనీ అని చెప్పిన. ఇంకన్న నీ కోపం వోయిందా?”

“గీ మాట ఆనాడు అనుంటే నా పుస్తకాలు నాకుండేటియి.”

“ఆనాడు...” పోశమ్మకు ఏడుపొచ్చేసింది. “అబద్ధమెందుకాడాలె, నువ్వు తిరిగొస్తవనుకోలే ఆపా. అంబులెన్సు ఎక్కినోళ్లు మళ్ల రారన్నరు. నువ్వు సచ్చిపోతవనుకున్న. సచ్చిన మనిషి సామాన్ల కోసం సేఠ్‌తోని పంచాయితెందుకనుకున్న.”

ఖైరున్ ఆమె మొహంలోకి చూసింది. నటూభాయి మీద కూడా రానంత కోపం అప్పుడొచ్చింది.

“నేను సచ్చినా, నువ్వు బతికే ఉన్నవు గదా పోశమ్మా!”