దొరసాని గిన్నె

ఆ ఇంట్లో పిల్లులు మూడు. మూడింటికీ మూడు జబ్బులు, మూడు డబ్బాలు, మూడు గిన్నెలు. పెద్దది దొరసాని. పదమూడేళ్లది, కిడ్నీలు పాడయ్యాయి, డాక్టరు రాసిచ్చిన మందు తిండి తప్ప ఇంకేదీ ముట్టకూడదు. రెండోది డ్రమ్ము. దాని రోగం పేరులోనే ఉంది. పూటకి చిన్న కప్పుడు గింజలు దాటితే గుండెకి మంచిది కాదన్నారు. మూడోది గోకుడు. కోడిమాంసం కలిసిన తిండి ఒక్క గింజ నోట్లో పడినా మెడంతా రక్తాలొచ్చేలా గీరుకుంటుంది.

వీటి మధ్య టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆవిడ ముందు గదిలో మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అరంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పి పారేసే మనిషి. నెల కిందట పిల్లుల తిండినీ అలాగే కొలిచి, కత్తిరించి, కుట్టి పెట్టింది. ఉదయం ఏడింటికి, సాయంత్రం ఆరింటికి మూడు తలుపులు మూసుకునేవి. డ్రమ్ము ఆవిడ మిషను కింద, గోకుడు వంటింట్లో ఆవిడ భర్త కాపలాలో, దొరసాని వెనక గదిలో అత్తగారి కాపలాలో. అరగంట దాకా ఎవరూ కదలకూడదు. తర్వాత ఆ ఇద్దరూ గిన్నెలు తెచ్చి చూపించాలి. గోడ మీద అంటించిన కాగితంలో ఆవిడ టిక్కు పెడుతుంది.

ఆ కాగితంలో దొరసాని వరస మొదటి రోజు తప్ప నిండా టిక్కులే. ఆ తర్వాత ఒక్క పూట కూడా గిన్నెలో గింజ మిగల్లేదు. అయినా దొరసాని చిక్కిపోతోంది. పోయిన శనివారం ఆస్పత్రిలో తూస్తే రెండున్నర కిలోలు, నెల కిందటి కన్నా అరకిలో తక్కువ. అదే తూకం మీద డ్రమ్ము పావుకిలో పెరిగాడు.

డాక్టరమ్మ చాలాసేపు కాగితాలు తిరగేసింది.

"మొత్తం తింటోందా? మిగల్చట్లేదా?"

"గిన్నె నాకేస్తోందండీ. రెండు పూటలా నేను కళ్లారా చూస్తున్నాను," అంది టైలరమ్మ.

"అంత తిన్నా తగ్గుతోందంటే రోగం మన చేయి దాటుతోందని అనుకోవాలి. వచ్చే శనివారం మళ్లీ తూద్దాం. అప్పటికీ తగ్గితే దాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకో మీరే ఆలోచించుకోండి. నొప్పి తెలీకుండా ఒక ఇంజెక్షన్ ఇచ్చేద్దాం."

ఇంటికొచ్చాక టైలరమ్మ ఏడవలేదు. ఆవిడకి ఏడుపు రావాల్సిన చోటల్లా కోపం వస్తుంది. ఎవరైనా కోడల్ని తిట్టాలంటే పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తిడతారు. ఇక్కడ అదేం లేదు, పిల్లి గురించి మనుషుల్నే సూటిగా దులిపేసింది. ముందు భర్త దొరికాడు.

"డ్రమ్ముకి ఏం పెడుతున్నారు?"

"నేనా? నేనేం పెడతానే?" అన్నాడాయన. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి, ఇంట్లో మాత్రం ఏ మీట నొక్కితే ఏం మోగుతుందో ఇరవయ్యేళ్లయినా అంతుపట్టలేదు.

"వేళ్లు చూపించండి."

ఆవిడ నిజంగానే వాసన చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడి, మొన్న ఒకసారి రొట్టె అంచు ముక్క పెట్టిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ గోరంత ముక్కకి ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. వెనక గదిలోంచి అత్తగారు అంతా విన్నది.

ఆ వారమంతా టైలరమ్మ కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. చెత్తబుట్ట మూత మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. డ్రమ్ము నడుముకి టేపు చుట్టి కొలిచింది. ఇంకో అరంగుళం! ఈ ఇంట్లో ఒక్కరికైనా బుద్ధి ఉందా, అన్నీ నేనే చూసుకోవాలా అని మిషనుతో, కత్తెరతో, గోడతో చెప్పుకుంది.

శుక్రవారం ఉదయం డ్రమ్ము తన కప్పుడు గింజలూ రెండు నిమిషాల్లో మింగి తలుపు గీకుతుంటే, గోల భరించలేక పెరట్లోకి వదిలేసింది. అరగంట మాట ఎలా ఉన్నా, రోజూ చేసేదే అది. మళ్లీ మిషను తొక్కుతుంటే సూది విరిగింది. తిట్టుకుంటూ కొత్త సూది కోసం లేచింది. మిషను ఆగడంతో ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో పెరటివైపు నుంచి కరకరమని చప్పుడు వినిపించింది.

వెళ్లి చూస్తే డ్రమ్ము పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. వెనక గది కిటికీ ఊచల మధ్య నుంచి ఒక ముసలి చేయి బయటికి వచ్చి దొరసాని గిన్నె పట్టుకుని ఉంది. డ్రమ్ము తీరిగ్గా తింటున్నాడు. చేయి నొప్పెడుతోంది కాబోలు, రెండో చేత్తో దాన్ని ఆనించుకుని మరీ పట్టుకుంది అత్తగారు.

"అత్తయ్యా!"

గిన్నె జారి కిందపడింది. డ్రమ్ము మాత్రం దాని వెంటే కిందికి దూకి పని కానిచ్చాడు.

టైలరమ్మ తలుపు తోసుకుని గదిలోకి వచ్చింది. దొరసాని ఆ తలుపు దగ్గరే ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల," అంది అత్తగారు. "అది తినదమ్మా. నేను చేత్తో పెడితే నాలుగు గింజలు తీసుకుంటుంది, అంతే. తలుపు వేస్తే చాలు, వచ్చి ఇదిగో ఇక్కడ కూర్చుంటుంది. ముందు నుంచీ మిగతావి పక్కన ఉంటేనే తిని అలవాటు దానికి."

"మరి గిన్నె ఎందుకు ఖాళీ చేశారు?"

"మొదటి రోజు సగం మిగిలితే నువ్వు ఎంత గొడవ చేశావు! గిన్నె ఖాళీగా ఉండాలన్నావు. ఖాళీగా చూపించాను."

"రేపు శనివారం! రేపు దాన్ని... నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

అత్తగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అంది: "చెప్పానమ్మా. రెండో రోజే చెప్పాను. తలుపు వేస్తే తినదేమోనే అన్నాను. 'మీకు తెలుసా, డాక్టరుకి తెలుసా' అన్నావు. ఇంజెక్షన్ సంగతి విన్నాక చెప్దామనే లేచాను. రొట్టె ముక్కకి వాణ్ణి అన్నేసి మాటలంటుంటే మళ్లీ కూర్చుండిపోయాను."

టైలరమ్మకి ఆ రోజు తాను గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా ఆ మాట అనడం గుర్తొచ్చింది.

డాక్టరమ్మకి ఫోన్ చేసి, తాను కళ్లారా చూసినది ఖాళీ గిన్నెనే కానీ పిల్లి తినడాన్ని కాదని చెప్పింది. "అయితే ఇంజెక్షన్ మాట పక్కన పెట్టండి. ఆకలితో చిక్కిందో రోగంతో చిక్కిందో ముందు తేలాలి. ఇప్పుడే తీసుకురండి," అంది డాక్టరమ్మ. అక్కడ సెలైన్ ఎక్కించి, మధ్యాహ్నం ఇంటికి పంపుతూ సాయంత్రం ఎంత తిన్నదో కచ్చితంగా చెప్పమంది.

సాయంత్రం ఆరింటికి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. వెనక గదిలో అందరూ నేల మీద కూర్చున్నారు. డ్రమ్ముని యూనిఫారం గుడ్డలో చుట్టి టైలరమ్మ ఒళ్లో బిగించి పట్టుకుంది. వాడు తిట్టని తిట్టు లేదు. గోకుణ్ణి భర్త పట్టుకున్నాడు. మధ్యలో దొరసాని. అది ఆ రెండింటి మొహాలూ చూసింది, గిన్నె వాసన చూసింది, తల వంచింది. ఒక గింజ నమిలింది. మళ్లీ ఒకటి. సగం పైన తిని, మూతి తుడుచుకుని, డ్రమ్ము పక్కకి వచ్చి కూర్చుంది.

గిన్నెలో కొంచెం మిగిలింది. అత్తగారి చేయి చటుక్కున ముందుకొచ్చి ఆ గిన్నెని కొంగు కిందికి లాక్కోబోయింది. అంతలోనే ఆగి, కోడలి మొహంలోకి భయంగా చూసింది.

నాలుగు గింజల కోసం డెబ్బయ్యేళ్ల మనిషి తనకి భయపడుతోంది. టైలరమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు.

"ఉంచండి అత్తయ్యా," అంది. "ఎంత మిగిలిందో డాక్టరుకి చెప్పాలి."