హేమావతి వద్దన్న సినిమా

పన్నెండో కండెకు పట్టుపోగు చుట్టి హేమావతి రాట్నం ఆపింది. కుడిచేతి చూపుడువేలి మీద ఆ పోగు కోసిన గీత ఉంది. రోజూ పోగు అక్కడే జారుతుంది కాబట్టి అది మానదు. గుంతమగ్గంలో కాళ్లు వేలాడేసి కూర్చున్న రామాంజినేయులు తలెత్తకుండానే చెయ్యి చాచాడు. హేమావతి కండెల గిన్నెను భర్త వైపుకు జరిపి, చీర కుచ్చిళ్లకు అంటుకున్న పోగులు దులుపుకుంది.

"బడికి పోయొస్తా. కమిటీ పని."

"సినిమా చూసేది గూడా పనేనా?"

"చూసి సంతకం పెట్టల్లంట."

"బిన్నా రా, ఆలస్యం చెయ్యాకు. సాయంత్రం గిరి వస్తాడు."

ఆ మాట గుర్తుచేయనక్కర్లేదు. గిరి, రామాంజినేయులు మొదటి భార్య చౌడేశ్వరికి తమ్ముడు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్లో పని చేస్తాడు. చౌడేశ్వరి పోయేనాటికి కూతురు స్వప్నకు మూడేళ్లు. మరుసటి ఏడే హేమావతి ఈ ఇంటికి వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ పిల్లకు జడలు వేసింది, జ్వరాలకు మేలుకుంది. స్వప్న 'చిన్నమ్మా' అంటుంది. అందులో తప్పేమీ లేదు. నిద్రలో ఉలిక్కిపడినప్పుడు మాత్రం 'అమ్మా' అంటుంది. పక్కనే పడుకున్న హేమావతి ఆ పిలుపును, పక్కింటి వాళ్లకు వచ్చిన ఉత్తరంలా, ముట్టుకోకుండా వదిలేస్తుంది.

ప్రతి దసరా సెలవులకూ గిరి మేనకోడలిని తీసుకుపోతూ, "అవ్వ దగ్గరే ఉండి చదువుకుంటావా?" అని అడుగుతాడు. ప్రతిసారీ స్వప్న తల అడ్డంగా ఊపేది. ఈసారి ఫోన్‌లో, "వచ్చినాక చెప్తా మామా," అంది.

బడిలో ఎనిమిదో తరగతి గది కిటికీలు మూసి, గోడకున్న పెద్ద తెర వెలిగించారు. బొమ్మల సినిమా. తెలుగు మాటలు పెట్టారు. పదమూడేళ్లు దాటిన వాళ్లకని మొదట్లోనే గుర్తు పడింది. స్వప్న చదివే ఆ తరగతిలో సగం మందికి పదమూడు నిండలేదు. అందుకని తల్లుల కమిటీలో ఇద్దరు ముందు చూడాలని, ఇద్దరిలో ఒక్కరు వద్దన్నా పిల్లలకు వేయకూడదని హెడ్మాస్టరు పెట్టిన నియమం. ఒకరు హేమావతి. రెండో ఆమె మునియమ్మ, మనవరాలి తరఫున.

కథ పెద్దదేం కాదు. తల్లి చచ్చిపోయిన పిల్ల ఒకతి మబ్బుల మీది చెరువుకు ఎక్కిపోతుంది. కళ్లు లేని నీళ్ల భూతం దారికి అడ్డం పడుతుంది.

"కండ్లు లేకున్నా మా కోడలికన్నా ఇదే నయం. మనిషొచ్చేది తెలుసుకుంటాండాది," అంది మునియమ్మ. తరగతి టీచరు అశోక్ సారు నవ్వాపుకున్నాడు.

చెరువులో తల్లి తెల్లకొంగై ఉంది. పిల్లను రెక్కలోకి తీసుకుంది. ఆ రెక్కను ఎవరు గీశారో గాని ఒక్కో ఈకకు ఒక్కో తెలుపు. కింద, ఇంటి దగ్గర, పిల్లను పెంచుతున్న ఆడమనిషి ఉంది. రెండుసార్లే కనబడింది. ఆమెకు పేరు కూడా పెట్టలేదు. ముఖం సరిగా గీయలేదు.

చివర కొంగ అంది: "ఇంటికి పో తల్లీ. వాకిట్లో నీకోసం ఒకామె నిలబడి ఉంది. ఆమెను అమ్మా అని పిలువు."

మునియమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. హేమావతి తెర మీంచి చూపు తిప్పేసుకుంది. తొమ్మిదేళ్లు నిలబడిన మనిషికి ఆ ఒక్క మాటా చచ్చిపోయిన ఆమె దయతలిచి ఇప్పించాలా? అదీ ఆమె చేతి మీదుగానే రావాలా?

"ఎట్లుందమ్మా?" అశోక్ సారు కాగితం ముందుకు జరిపాడు. "మీ ఇంట్లో అదే వయసు పిల్ల ఉంది. మీ మాట నాకు ముఖ్యం."

"వద్దు సార్. పిల్లోల్లు బయపడతారు."

"ఆ భూతాన్ని చూసేనా?"

"అవును సార్. దాన్ని చూసే."

సారు కాసేపు ఆమె ముఖం చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దసరా సెలవులకని ఆ రోజు బడి మధ్యాహ్నానికే వదిలారు. వీధిలో మునియమ్మ గొంతు వినిపించింది. "ఏం స్వప్నా, మీ చిన్నమ్మ వద్దనేసిందే! నా కండ్లనీళ్లన్నీ వేస్టు."

స్వప్న లోపలికి వచ్చింది. కోపగించుకోలేదు. బ్యాగులో బట్టలు సర్దుతూ, "చూపియ్యకపోతే కతన్నా చెప్పు చిన్నమ్మా," అంది.

హేమావతి కండె చుడుతూ చెప్పింది. తనకు కథ చెప్పడం వచ్చని ఆమెకే తెలియదు. భూతం దగ్గర స్వప్న నవ్వింది. రెక్క దగ్గరికి వచ్చేసరికి మగ్గం చప్పుడు ఆగింది.

"తర్వాత?"

హేమావతి నోరు తెరిచింది. కొంగ చెప్పిన ఆ మాట తను చెబితే అడుక్కున్నట్టుంటుంది.

"తర్వాత చూళ్లేదు. పని ఉండాదని వచ్చేస్తి."

స్వప్న బ్యాగు జిప్పు మెల్లగా లాగింది. "ఆడే ఉండిపోయింటాది లే ఆ పిల్ల. అమ్మ కాడ."

రాట్నం తిరుగుతూనే ఉంది. పోగు ఎప్పుడు తెగిందో హేమావతి చూసుకోలేదు.

ఎండ వాలుతుండగా గిరి వచ్చాడు. మేనకోడలికి కొత్త శాండిల్స్ తెచ్చాడు. "ఏం పాపా, కాలు పెరిగిందా, మామ లెక్క తప్పిందా?" అంటూ గడప మీద కూర్చోబెట్టి తనే బకిల్ పెట్టాడు. స్వప్న తండ్రి వైపు చూసింది.

"నాయనా, దసరా అయినాక ఆడే, అవ్వ కాడ చదువుకుంటా."

రామాంజినేయులు మగ్గంలోంచి లేవలేదు. పోగును అటూ ఇటూ పంపే నాడె చేతిలోనే పట్టుకుని భార్యను చూశాడు. హేమావతి గోడకానుకుని నిలబడింది. కొంగ అన్న మాట నాలుక చివర ఉంది. ఇంకా చెప్పవచ్చు. రైలుకు అరగంట ఉంది.

"అక్కా, నువ్వేమంటావు?" గిరే అడిగాడు.

"పాప ఇష్టం."

స్వప్న ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. ఇప్పుడు దాదాపు భుజం దాకా వస్తోంది.

"పొయ్యొస్తా చిన్నమ్మా."

"రైల్లో పెనుకొండ కాడ కిటికీ మూసుకో. గాలెక్కువ."

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. మగ్గం మళ్లీ మొదలైంది. గడప పక్కన స్వప్న పాత చెప్పులు, కుడిదాని మడమ అరిగి, వేళ్లవైపు ఇంట్లోకి తిరిగి, పిల్ల అప్పుడే విప్పి లోపలికి పోయినట్టు ఉన్నాయి.