కొస మిగిల్చిన పాట

మల్లేశ్వరి రోజుకు మూడుసార్లు టీ కాస్తుంది. పొద్దున ఏడింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి. గ్లాసు పట్టుకొని మగ్గం గదిలోకి వచ్చి, కొంగు నడుముకు దోపుకొని, గుంట అంచున బోర్లా పడుకొని చెయ్యి కిందికి చాపుతుంది. చెంప నేలకు ఆనించి, ముఖం గోడవైపు తిప్పుకుంటే చెయ్యి ఇంకొక్క అంగుళం దిగుతుందని ఆమె ఈమధ్యే కనిపెట్టింది. కింద ఉరుకుందప్ప తాను కూర్చునే పలక మీదికెక్కి, మునివేళ్ళ మీద లేచి గ్లాసు అందుకుంటాడు. అందుకునేటప్పుడు ఇద్దరి వేళ్ళూ తగులుతాయి. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు తాకేది ఇక అప్పుడే.

ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో గుంట ఉంటుంది. నేసేవాడు అంచున కూర్చొని కాళ్ళు అందులో పెట్టుకోవాలి, కాళ్ళ కింది చెక్కలు తొక్కాలి. ఉరుకుందప్ప తాత తవ్వుకున్న గుంట కూడా మోకాలి లోతే. మూడేళ్ళ కిందట అది దిగడం మొదలుపెట్టింది. నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ వేలెడు దిగేది. మగ్గం, పలక, పైన వేలాడే బల్బు, కింద మనిషి, అన్నీ కలిసే దిగేవి కాబట్టి నేతకేమీ అడ్డం రాలేదు. వీధివాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోలేదు. పక్కింటి మాదన్నకు మోకాళ్ళు పోయాయి, ఎదురింటాయనకు చూపు మందగించింది, ఉరుకుందప్పకు గుంట దిగింది. నేతపనిలో ఎవరికి రాసిపెట్టింది వాళ్ళకు వస్తుంది.

మాదన్న ఒకసారి నిచ్చెన తెచ్చి దింపాడు. ఉరుకుందప్ప పొద్దుననగా ఎక్కడం మొదలుపెడితే ఎన్ని ఎక్కినా మధ్యాహ్నానికి కూడా పైన ఇంకా తొమ్మిది మెట్లు అలాగే ఉన్నాయి. మాదన్న సాయంత్రం దాకా ఓపిక పట్టి, ఇంటికి సున్నం వేసుకోవాలని తన నిచ్చెన తాను తీసుకుపోయాడు.

అన్నం క్యారియరు తాడుతో దిగుతుంది. నేసిన గుడ్డ తాడుతో పైకి పోతుంది. టీ ఒక్కటే చేత్తో దిగేది, తాడుకు కడితే తొణుకుతుందని. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు నెల రోజుల్లో అయిపోతుంది. తర్వాతది ఎక్కితే ఇంకో వేలెడు. చాపడానికి మల్లేశ్వరికి చెయ్యి మిగల్లేదు, లేవడానికి ఉరుకుందప్పకు మునివేళ్ళు మిగల్లేదు.

"మూత గ్లాసు కొంటాలే," అంది మల్లేశ్వరి ఒకరోజు. "తాడు కట్టి దింపుతా. ఏం కాదు."

ఉరుకుందప్ప ఊఁ అన్నాడు గానీ, ఆ మూత గ్లాసు తలపు ఆయన్ను వదల్లేదు. ఆ రోజు నేసిన గుడ్డలో రెండు చోట్ల పోగు తప్పింది.

షహనాజ్ ఆ వారమే వచ్చింది. ఆదోనిలో ఒక సైకిల్ షాపు మీది గదిలో ఆమె ఆటోలకు ప్రకటనలు రికార్డు చేస్తుంది. చీరల సేల్, కోళ్ళ ఫారం ప్రారంభం, తప్పిపోయిన బర్రె, ఏదైనా సరే, ఆమె గొంతూ వెనకాల కాస్త సంగీతమూ కలిపి ఇస్తుంది. ఒక బట్టల దుకాణం ఆసామికి ప్రకటనలో నిజం మగ్గం చప్పుడు కావాలట. ఆమె మైకు సంచి భుజానికేసుకొని బస్సు దిగి, చప్పుడు వినిపించిన ఇంట్లోకి వచ్చి, గుంటలోకి తొంగిచూసింది.

"సలామ్ అన్నా. కింద ఫ్యాన్ ఉండాదా? ఉంటే ఆపాల. గాలి సప్పుడు మైకులో పడతాది."

"ఫ్యాన్ ల్యా. సల్లగానే ఉంటాదిమ్మా ఈడ," అన్నాడు ఉరుకుందప్ప.

మైకు తాడుతో దిగింది. ఆమె పైన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని అరగంట రికార్డు చేసింది. గుంట లోతు చూసి నోరెత్తని మనిషి, తెర మీద గీతలు చూసి మాత్రం నోరు తెరిచింది.

"అన్నా, నిమిషానికి తొంభై రెండు దెబ్బలు. మొదట్నుంచి సివరిదాకా ఒక్కటీ ముందూ ల్యా, ఎనకా ల్యా. మా దగ్గర డప్పు కొట్టేటోళ్ళకు చెవిలో టిక్కుటిక్కుమని పెడితే గానీ ఇట్ల రాదు. నువ్వు నేర్చుకుంటావా ఈ పని?"

"యాడికి వచ్చి నేర్చుకోవాల?"

"నువ్వు రావొద్దులే. అదే వస్తాది."

మరుసటి వారం మూల పగిలిన పాత లాప్‌టాప్ ఒకటి అన్నం క్యారియరు దిగే తాడుతోనే దిగింది. దాంతో పాటు ఒక మైకు, చెవులకు పెట్టుకునేది ఒకటి, కరెంటుకు పొడుగాటి తీగ. షహనాజ్ గుంట అంచున చతికిలబడి పైనుంచి చెప్పడం మొదలుపెట్టింది. "న్యూ ప్రాజెక్ట్ అని ఉంటాది సూడు. దాన్ని నొక్కు."

ఉరుకుందప్ప నొక్కి, ఉలిక్కిపడ్డాడు. "ఏమీ లేదమ్మా దీంట్లో!"

"ఉండదన్నా. కొత్త పాట కదా."

"మరి పాతదాని కొస యాడ?"

"పాతది ఏంటికి?"

ఉరుకుందప్ప తన మగ్గం వైపు చూశాడు. మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు నేసిన గుడ్డనే కోస్తారు గానీ, వెనక మిగిలిన పోగుల్ని తియ్యరు. జానెడు కొస అలాగే ఉంచి, రెండువేల పైచిలుకు పోగులకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతుకుతారు. తీసేస్తే కొత్త పోగుల్ని మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్క కంతలోంచి దూర్చుకురావాలి, పది రోజుల పని. అందుకని ఆయన కొస వాళ్ళ నాయన కొసకు అతికింది, అది తాత కొసకు. ఖాళీ మగ్గాన్ని ఆ ఇంట్లో బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. ఖాళీ తెర చూస్తే ఆయనకు ఎవరో పోయిన ఇల్లు చూసినట్టయింది.

అయినా పని ఒంటబట్టింది. తెర మీద అడ్డంగా సాగే ఒక్కొక్క వరస ఒక ట్రాకు. ఒకదాంట్లో అటూ ఇటూ పరుగెత్తి పేక వేసే నాడె చప్పుడు, ఒకదాంట్లో కాలిచెక్కల చప్పుడు, ఇంకోదాంట్లో ఇంకోటి. ముందు టెంపో, అంటే దెబ్బల వేగం, తొంభై రెండు అని పెట్టుకోవాలి. ఎర్ర గుండీ నొక్కితే రికార్డు మొదలు. మొదటి రోజు మైకును చెక్కకు ఆనించి పెట్టాడు. చప్పుడు కొలిచే గీత పైదాకా పోయి ఎర్రబడింది.

"ఎర్రగయితే పగిలిపోయినట్టే అన్నా. మైకు జరుపు. పచ్చలోనే ఆడాల."

పనికిరాని ముక్కను కత్తిరించడం, నచ్చిన ముక్కను పదిసార్లు వేసుకోవడం, అది తెర మీది గళ్ళలో సరిగ్గా కూర్చునేట్టు జరపడం రెండు రోజుల్లో వచ్చేశాయి. గళ్ళ పనే కదా, పుట్టిన్నుంచీ చేస్తున్నదే. చప్పుళ్ళన్నీ కలిపే మిక్సింగే కాస్త ఏడిపించింది. అన్ని ట్రాకుల్నీ పైకి ఎత్తి పెట్టేవాడు.

"అందరూ ఒక్కసారే అరిస్తే ఎవురి మాట ఇంటావన్నా? ఒకదాన్ని ముందుకు పెట్టు, మిగతావి తగ్గించు. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పంపు."

షహనాజ్ వారానికోసారి వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకుపోయేది. ఒక మధ్యాహ్నం వీధిలోంచి ఆటో పోతుంటే ఉరుకుందప్పకు తన నాడె చప్పుడు పైనుంచి వినిపించింది. తాను ఊరికే కూర్చొని ఉన్నాడు, చప్పుడు మాత్రం సోమప్ప సర్కిల్ వైపు పోతోంది. సంతోషపడాలో ఏడవాలో తెలియక, ఆటో చప్పుడు ఆగిపోయేదాకా మెడ పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

ఆ ఆటో నడిపే అజ్మతుల్లా మాత్రం షహనాజ్ మీద విరుచుకుపడ్డాడట. ప్రకటన అయిపోయాక కూడా నాడె ఇంకా ఆడుతూనే ఉంటుంది, ఉన్నట్టుండి తెగుతుంది. ఏదో మిగిలిపోయిందనిపించి ఆయన ఎక్కడా ఆటో దిగలేకపోతున్నాడట. అన్నానికి కూడా పోలేదట. దుకాణం ఆసామీ అదే మాట అన్నాడు.

షహనాజ్ అంచున నిలబడి గట్టిగానే అడిగింది. "ప్రతిదానికీ సివర నాలుగు గళ్ళు ఎక్కువ పెడతావు. ఏంటికన్నా?"

"కొస ఉండొద్దా? రేపటిదాన్ని దేనికి అతకాల?"

"అతికే పనే ల్యా. రేపటిది రేపు కొత్తగా మొదలుపెడతావు. ఎక్స్‌పోర్ట్ అంటే ఇక అయిపోయింది, మన చేతిలోంచి బయటికి పోయిందని. నువ్వు పోనీవే!"

"నీకు తెల్దులేమ్మా," అన్నాడు ఉరుకుందప్ప. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

షహనాజ్ అంచున చతికిలబడింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "సరే. దుకాణం పని నేను కత్తిరించుకుంటా. నువ్వు నీ కోసమని ఒక పాట చెయ్యి. దాని కొస ఏం చేస్తావో నీ ఇష్టం."

ఆయన తన పాట మొదలుపెట్టాడు. కాలిచెక్కలు, నాడె, క్యారియరు దిగేటప్పుడు అంచుకు తాడు రాసుకునే చప్పుడు, పైన మల్లేశ్వరి రోట్లో కారం దంచే చప్పుడు. వీటన్నిటి పైన ఒక ట్రాకులో గ్లాసు కిందికి వచ్చేటప్పుడు ఆమె గాజులు కదిలే చప్పుడు. దాన్ని పట్టడానికి ఒక చేత్తో మైకు, ఒక చేత్తో టీ అందుకోవలసి వచ్చింది.

"ఏంటికప్పా అది నా చేతికి తగిలిస్తావు?" అంది మల్లేశ్వరి గోడతో.

"నీ గాజులు పడతాండాయి దీంట్లో."

"పడితే పడనీలే. టీ పోగొట్టుకోవద్దు."

ప్రతిరోజూ నిన్నటి కొసకు ఇవాళ్టిది అతికేవాడు. పాట మూడు నిమిషాలు కాస్తా పది అయింది, ఇరవై అయింది, నలభై అయింది. లాప్‌టాప్ బరువు మోయలేక నిమిషానికోసారి ఆగి ఆయాసపడేది. అటు మగ్గం మీద పడుగు తరిగిపోతూ వచ్చింది.

సోమవారం పదకొండింటికి ఆఖరి గుడ్డ పైకి పోయి, కొత్త పడుగు చుట్ట కిందికి దిగింది. టీ అందించి మల్లేశ్వరి వెంటనే లేవలేదు.

"ఒక్కడివే రెండు రోజులు అతుకుతావు. నేనూ దిగుతా. ఇద్దరం కూకుంటే జల్దీ అయితాది."

"దిగొద్దు!"

"దిగితే ఏమైతాది? నువ్వు ఆడుండావు, నేను ఈడుండాను. కిందనే ఉంటాంలే ఇద్దరం."

"దిగితే నా మీద ఒట్టే!" ఉరుకుందప్ప అరిచాడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆమె మీద ఎప్పుడూ అరిచింది లేదు. మల్లేశ్వరి లేచి వంటింట్లోకి పోయింది. ఆమె ముక్కు చీదుకోవడం ఆయనకు కింది నుంచి వినిపించింది.

కొత్త పడుగును పక్కన పెట్టి, ఆయన హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకొని పాటను మొదటినుంచి విన్నాడు. మూడో నిమిషంలో గాజులు కదిలాయి, గ్లాసు చేతికందింది. అక్కడికి పాట అయిపోయింది. మిగిలిన ముప్పైయేడు నిమిషాల్లో పాటంటూ ఏమీ లేదు, తెగిపోతుందేమోనన్న భయమే ఉంది. నలభై ఆరేళ్ళ మనిషికి ఆ సంగతి అప్పుడు తెలిసింది. తెలిశాక చాలాసేపు సిగ్గుపడ్డాడు.

గ్లాసు చప్పుడు దగ్గర గీత పెట్టి, ఆ తర్వాతున్నదంతా తీసేశాడు. మళ్ళీ విన్నాడు. గాజులు, గ్లాసు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం మొదట్లో అనుకున్నంత భయంగా లేదు. ఎక్స్‌పోర్ట్ నొక్కాడు. తెర మీద ఒక్క శాతం అని పడింది. ముసలి లాప్‌టాప్, దాని తీరిక దానిది.

మగ్గం వైపు చూశాడు. పాత పోగుల కొసలు జానెడు పొడుగున, అతకడానికి సిద్ధంగా వేలాడుతున్నాయి. తాత కాలం నుంచి ఏ చెయ్యీ ఆ కొసల్ని తెంచలేదు. ఉరుకుందప్ప గుడ్డ కోసే కత్తెర తీసుకున్నాడు. రెండువేల పోగులు ఒక్కసారిగా తెగవు, ఆరేడు గుప్పెళ్ళయ్యాయి. ఒక్కో గుప్పెడు తెగినప్పుడల్లా పోగులు కంతల్లోంచి సర్రున జారి ఆయన కాళ్ళ మీద పడ్డాయి.

మగ్గం ఖాళీ అయింది. అప్పుడు ఆయనకు భయం పట్టుకుంది. ఎంత పని చేశాను, మళ్ళీ పోగులు దూర్చాలంటే పది రోజులు, గుడ్డ ఎప్పటికి ఇవ్వాలి, మల్లేశ్వరి ఏమంటుంది, పోయిన నాయన ఏమంటాడు. కళ్ళు గట్టిగా మూసుకొని, ఖాళీ మగ్గం మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. కళ్ళు తెరిస్తే లాప్‌టాప్ తప్ప ఇంకేమీ చూడదలుచుకోలేదు. డెబ్భై, డెబ్భై అయిదు. ఎనభై దగ్గర అది ఆగిపోయినట్టే ఆగి, మళ్ళీ కదిలింది.

నాలుగయింది. మల్లేశ్వరి కోపం ఇంకా పోలేదు. అయినా టీ టీయే. గ్లాసు పట్టుకొని, కింద ఉన్న మనిషి మొహం చూడదలుచుకోక గోడవైపు చూస్తూనే గదిలోకి వచ్చింది. అంచు ఎక్కడుందో కాళ్ళకు తెలుసు. కొంగు దోపుకొని, బోర్లా పడుకొని, చెంప నేలకు ఆనించి, భుజం లాక్కుపోయేలా చెయ్యి కిందికి చాపింది.

గ్లాసు ఠంగుమని దేనికో తగిలింది. టీ మొత్తం ఒలికింది.

"అబ్బా!" అన్నాడు ఉరుకుందప్ప. ఆ గొంతు ఆమె చెవి పక్కనే వినిపించింది.

మల్లేశ్వరి కదల్లేదు. గ్లాసు వదిలేసి, అలా గోడను చూస్తూనే చేత్తో తడిమింది. తడిసిన జుట్టు, వేడి చెవి, మూడేళ్ళుగా ఆమె కత్తిరించని మెడ మీది వెంట్రుకలు.

"ఇది నీ తలకాయేనా?" అంది.

ఉరుకుందప్ప కాళ్ళు చాపి చూసుకున్నాడు. కాళ్ళ కింద చెక్కలు, చెక్కల కింద తాత తవ్విన నేల. గుంట మళ్ళీ మోకాలి లోతే ఉంది. గడప అవతల నుంచి వచ్చిన ఎండ ఆయన ఒళ్ళోని తెగిన పోగుల మీద పడుతోంది.

"నాదే," అన్నాడు.

"కాలిందా?"

"ఊఁ."

లాప్‌టాప్ పని అయిపోయిందని ఒకసారి మోగి ఊరుకుంది. మల్లేశ్వరి ఆ తల మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.