ఎవరికి అవసరం

కొంపలు మునిగినా కంగారుపడని మనిషని బూట్లత్తకి పేరు. అంతటి మనిషికీ ఆ పొద్దున గుండె గుభేలుమంది. వాళ్ళుండే మేడ గోడ నిలువునా పగిలింది. పోలీసులొచ్చి అందరినీ పక్క బడి హాల్లోకి తోలేశారు. ఆవిడ భయం కింది అంతస్తులో ఉన్న తన ఇల్లు, బూట్లు కుట్టే దుకాణం గురించి కాదు, వట్టికాళ్ళతో బయటపడ్డ మేనకోడలి గురించి.

ఆ పిల్లకి ఎడమకాలు పొట్టి. అత్త కుట్టిచ్చిన ఎత్తు బూటు లేకపోతే నాలుగడుగులు వెయ్యలేదు. బూటేమో పిల్లా వాళ్ళుండే పై అంతస్తులో ఉండిపోయింది, వాళ్ళు దిగాక అక్కడికెళ్ళే మెట్లు కూలిపోయాయి. పొద్దుట్నుంచీ గోడవారగా కూర్చుని, దాహమేస్తున్నా ఎవర్నీ నీళ్ళడగట్లేదు.

మధ్యాహ్నం అధికారి వచ్చాడు. "కింది అంతస్తు వాళ్ళు ఒక్కసారి లోపలికెళ్ళి రావచ్చు. మనిషికో సంచి. అవసరమైనవే తెచ్చుకోండి. మందులు, కాగితాలు, బట్టలు."

"వదినా, నీ బట్టలు తెచ్చుకో. దాన్ని నేనెత్తుకు తిప్పుతాలే," అంది ఆడపడుచు, పిల్ల తల్లి.

"ఎదిగిన పిల్లని ఎన్నాళ్ళు మోస్తావే? నీ నడుమేమన్నా ఇనుమా?"

బూట్లత్త వెళ్ళి వచ్చింది. గుమ్మం దగ్గర అధికారి ఆవిడ సంచిలోకి తొంగిచూశాడు. కొయ్య పాదం, కత్తి, సూదులు, దారం, మందపాటి రబ్బరు ముక్కలు.

"అవసరమైనవి తెమ్మంటే ఈ చెత్తేంటమ్మా? హాల్లో చోటు లేదు, ఇక్కడే వదిలెయ్యండి."

"చెత్తా!" ఆవిడకి ఒళ్ళు మండింది. "పిల్ల పాదం పెరిగినప్పుడల్లా తోలుముక్కలు అంటించి, దాంతోపాటు పెంచుకొచ్చిన బూటు అచ్చు బాబూ ఇది! అవసరమన్నది వస్తువుకి ఉండదు, మనిషికుంటుంది. ఎవరికి అని అడక్కుండా ఎట్లా తేలుస్తారు? నా బట్టల చోట్లో ఇది పెట్టుకున్నా. ఇంక నేను కదలను, ఏం చేసుకుంటారో చేసుకోండి."

వెనక జనం గొణగడం మొదలెట్టారు. "తీసుకెళ్ళు తల్లీ," అన్నాడాయన, నీకో దణ్ణం అన్నట్టు.

హాల్లో కూర్చుని సామాను పరుచుకున్నాక నెత్తి కొట్టుకుంది. "నా మతి మండ! తోలు మర్చిపోయానే!"

మళ్ళీ లోపలికి పోనివ్వరు. ఓ క్షణం సంచికేసి చూసింది. మంచి తోలుసంచి, ఎప్పుడో ముచ్చటపడి తనకోసం కుట్టుకున్నది. కత్తి అందుకుంది.

"అయ్యో వదినా! రేపు నీ సామాను దేంట్లో పెట్టుకుంటావు?"

"పెట్టుకోడానికి ఏం మిగిలిందే నాకు?"

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే ఆడపడుచు కళ్ళొత్తుకుంది.

పొద్దువాలే వేళకి బూటు తయారైంది. పిల్ల తొడుక్కుని లేచింది, తూలింది, నిలదొక్కుకుంది. పట్టుకోబోయిన అమ్మ చెయ్యి తోసేసి, హాలు ఆ చివరున్న కుళాయి దాకా ఒక్కతే నడిచింది. కడుపునిండా తాగింది. గ్లాసు మళ్ళీ నింపుకుని, ఒలక్కుండా నడిచొచ్చి అత్త ముందు నిలబడింది.

"పొద్దుట్నుంచీ నువ్వూ తాగలేదుగా అత్తా. తాగు."