ప్యాకెట్టు మీద తాత

మా సూపర్‌మార్కెట్లో రొట్టెను తిట్టదలుచుకున్నవాళ్ళు నా దగ్గరికే రావాలి. బిల్లు కౌంటర్లు దాటాక, ట్రాలీలు వదిలేసే చోట ఓ చిన్న బల్ల, దాని మీద ఫిర్యాదు ఫారాల కట్ట, ఎవరూ ఎత్తుకుపోకుండా దారం కట్టిన పెన్ను, వెనకాల నేను. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే తొమ్మిదీ అయిదుకల్లా మొదటి తిట్టు పడుతుంది.

బ్రెడ్డు ముక్క మధ్యలో చిల్లుందని, అందులోంచి జామంతా కారి ఇస్త్రీ చొక్కా మీద పడిందని ఒకాయన ఆ చొక్కా కూడా తెచ్చి చూపించాడు. ఒకావిడ వెన్న రాయబోతే ముక్క కత్తికి అంటుకుని లేచొచ్చిందట. ఇంకొకావిడ నెల కిందట కొన్న ప్యాకెట్టు పట్టుకొచ్చి, "అన్నయ్యా, దీనికి ఇంతవరకూ బూజు పట్టలేదు. బూజే వద్దనుకున్నదాన్ని నా పిల్లలకెలా పెట్టను?" అంది. ఏ తేదీలోగా తినాలో సరిగ్గా కవరు చింపేచోటే అచ్చేస్తారని, చింపాక తేదీ చెత్తబుట్టలోనూ రొట్టె బల్ల మీదా ఉంటాయని ఒక ప్లీడరుగారు అరగంట వాదించారు. ఎవరొచ్చినా నేను అప్పజెప్పేది ఒకటే పాఠం, "మీ సహనానికి కృతజ్ఞతలండీ" అని. ఆ తర్వాత ఫారం నింపించి, రూలు ప్రకారం అదే రొట్టె ఇంకో ప్యాకెట్టు ఉచితంగా చేతిలో పెడతాను. చేసిన తప్పుకు పరిహారంగా అదే తప్పు మళ్ళీ చేస్తామన్నమాట.

వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నాకు రాదు. ఈ భవనానికి ఎదురుగా, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్న కొట్టులో, ముప్పై ఒక్క ఏళ్ళు రొట్టెలు కాల్చినవాణ్ణి నేను.

పొయ్యిలోంచి తీసిన ప్రతి రొట్టెనూ బోర్లించి అడుగున వేలి కణుపులతో రెండుసార్లు తట్టేవాణ్ణి. లోపల సరిగ్గా కాలితే తలుపు తట్టినట్టు మోగుతుంది. పచ్చిగా ఉంటే మూగగా ఉంటుంది. మూగ రొట్టెను అమ్మేవాణ్ణి కాదు, ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోనే, "ఇవాళ ఎన్ని మూగవి?" అని అడిగేది. కొనేవాళ్ళ ఎదుట కూడా మరోసారి తట్టి ఇచ్చేవాణ్ణి కాబట్టి నా అసలు పేరు మరిచిపోయి అందరూ టకటక అనేవాళ్ళు. ఆస్తులేమీ కూడబెట్టలేదు. జన్మకి నేను సంపాదించుకున్నదల్లా ఆ పేరే.

సూపర్‌మార్కెట్టు వచ్చిన రెండేళ్ళకు కొట్టు మూతపడింది. ఇక్కడి రొట్టె చవక, పైగా వారం నిలవుంటుంది. జనాన్ని ఏమీ అననని పైకి చెబుతాను గానీ లోపల అంటూనే ఉంటాను. ఆఖరి రోజు దాకా మానకుండా వచ్చింది లెక్కల టీచరమ్మ ఒక్కతే. రిటైరై పదిహేనేళ్ళయినా టీచరు బుద్ధి పోని మనిషి. నేను హడావుడిలో తట్టకుండా ఇస్తే రొట్టెను వెనక్కి తోసి, "ఇది ఇంకా పాసవలేదు నాయనా" అనేది.

కొన్నాళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక ఇక్కడి మేనేజరు పిలిచాడు. "రొట్టె గురించి తెలిసినవాళ్ళుంటే కస్టమర్లకి నమ్మకం బాబాయ్‌గారూ" అని ఈ బల్ల చూపించాడు. నా కొట్టును మింగినవాళ్ళ దగ్గరే కొలువు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, నోరు మూసుకుని చేసుకోండి" అంది మా ఆవిడ. మూసుకున్నాను.

టీచరమ్మ నా బల్ల దగ్గరికీ వచ్చేది. చిల్లు పడిన ముక్కను డబ్బాలో పెట్టుకుని, స్కేలుతో కొలిచి మరీ తెచ్చేది. "రెండున్నర సెంటీమీటర్లు. పద్దెనిమిది ముక్కల్లో పదకొండింటికి ఉంది. ఈ గాలిక్కూడా నేనే డబ్బివ్వాలా?" అనేది. నేను రాస్తుంటే పక్కన నిలబడి తప్పులు దిద్దేది. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "నీ రొట్టె ఇలా ఉండేది కాదు నాయనా" అనేది. ఆ ఒక్క మాటతో మిగతా తిట్లన్నీ అరిగిపోయేవి.

మొన్న వేసవిలో కంపెనీవాళ్ళు కొత్త రొట్టె దించారు. కొత్తదంటే కవరు కొత్తది. 'తాతగారి పొయ్యి రొట్టె' అని పేరు పెట్టారు. పొయ్యి ఎటూ లేదు, కనీసం తాతైనా ఉండాలి కదా అని వెతికితే మేనేజరు నన్ను చూపించాడు. "ఒక్క ఫొటో బాబాయ్. మీ ఉద్యోగం పర్మనెంటు చేయించే పూచీ నాది" అన్నాడు. ఆరు నెలలకోసారి, ఉంచుతారా తీసేస్తారా అని ఆ అబ్బాయి మొహంలోకి చూసే బతుకు నాకూ విసుగెత్తింది. ఇంట్లో చెబితే మా ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపకుండా, "మీ మొహం, మీ ఇష్టం" అంది. వద్దంటుందేమోనని చూశాను. అనలేదు. ఒప్పుకున్నాను.

తెల్ల టోపీ పెట్టారు, బుగ్గకు కాస్త పిండి పూశారు. "మీ స్టైల్లో ఏదైనా చెయ్యండి తాతా" అన్నాడు ఫొటో తీసేవాడు. చేతులకు అలవాటు కదా, రొట్టెను బోర్లించి తట్టాను. తలగడను తట్టినట్టుంది, చప్పుడు లేదు. "సూపర్! అలాగే నవ్వండి" అన్నాడు. నవ్వాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను మోకాలి దాకా తొక్కాను.

ఆ ప్యాకెట్లు అరల్లోకి వచ్చాక తిట్ల దారి మారింది. అంతకుముందు కంపెనీని తిట్టి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నన్నే తిడుతున్నారు. ఆ చొక్కా ఆయన ప్యాకెట్టును నా చెవి పక్కన పెట్టి, రెండు మొహాలూ పోల్చుకుని, "ఇన్నాళ్ళూ మీరేనన్నమాట! ఈ వయసులో సిగ్గుండాలి" అన్నాడు. నేను కాదండీ, నాది ఫొటో మాత్రమే అని చెబుదామనుకుంటే, అదింకా సిగ్గుచేటు అనిపించింది. "మీ సహనానికి కృతజ్ఞతలండీ" అన్నాను.

పర్మనెంటు కాగితం చేతికొచ్చిన రోజే టీచరమ్మ వచ్చింది. డబ్బా లేదు, స్కేలు లేదు. విప్పిన ప్యాకెట్టు బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ మొదలుపెట్టావనుకున్నాను నాయనా" అంది. "నీ బొమ్మ చూసి రెండు కొన్నాను. ఒకటి పక్కింటివాళ్ళకిచ్చాను. మా టకటక చేసిన రొట్టె, తట్టకుండా ఇవ్వడు, తిని చూడండి అని చెప్పి మరీ ఇచ్చాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫారం ఆవిడ ముందుకు తోసి, పెన్ను అందించాను. "రాయండి టీచరమ్మా. ఎంత గట్టిగా రాసినా సరే, నేనే పైకి పంపిస్తాను."

ఆవిడ పెన్ను తీసుకోలేదు. "కంపెనీ మీదయితే రోజుకొకటి రాస్తాను. నీ మీద ఏం రాయను?" అంది. ప్యాకెట్టు అక్కడే వదిలేసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. నీ రొట్టె ఇలా ఉండేది కాదని ఈసారి అనలేదు.

ఆ ఫారం నేనే నింపాను. ఫిర్యాదు చేసినవారి పేరు దగ్గర నా అసలు పేరు రాశాను. చాలా రోజుల తర్వాత రాశానేమో, వంకర్లు పోయింది. లోపం ఏమిటి అన్నచోట, 'ప్యాకెట్టు మీద ఉన్న మనిషి ఈ రొట్టెను చేయలేదు. తట్టి చూశాడు, మూగదని తెలుసు. అయినా నవ్వాడు' అని రాశాను. మేనేజరు చదివి, "ఏంటి బాబాయ్ ఈ జోకులు!" అన్నాడు. ఫారాలకు వరస నంబర్లుంటాయి కాబట్టి చింపడానికి లేదు. 'పరిష్కరించబడినది' అని సీలు గుద్ది, రూలు ప్రకారం నా చేతిలో ఒక ప్యాకెట్టు పెట్టాడు.

ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలో ఏమీ అడగలేదు. ప్యాకెట్టు అందుకుని, వంటింటి అరలో బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టింది.